మూన్‌వాకర్: తలుపులు తెరిచే నాట్యగాడు



ఇవాళ ఒక పాత వీడియో గేమ్ గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. వీడియో గేమ్ అనగానే పెద్దవాళ్ళు రేడియో కట్టేయకండి. ఇది మీకోసం కూడా. పిల్లలేమో పాతది అనగానే లేచిపోకండి. ఇందులో మీకు తెలియని విశేషం ఉంది.

ఆ ఆట పేరు మూన్‌వాకర్. 1990లో వచ్చింది. చేసినవాళ్ళు జపాన్‌కి చెందిన సెగా కంపెనీ. ఆడేది మెగా డ్రైవ్ అనే నల్లపెట్టె మీద. ఆ పెట్టెని టీవీకి తగిలించి, పైన క్యాసెట్ గుచ్చి, చేత్తో రిమోట్ పట్టుకుని ఆడతారు. ఇక ఆటలో హీరో ఎవరంటే, మైకేల్ జాక్సన్. అవును, ఆ మైకేల్ జాక్సనే. తెల్లసూటు, తెల్లటోపీ, వెనక్కి జారే ఆ నడక, అన్నీ ఉన్నాయి.

మీరు గమనించాల్సింది ఒకటుంది. ఈ హీరో దగ్గర కత్తి లేదు. తుపాకీ లేదు. అతని బలమంతా అతని నాట్యమే. చెయ్యి విసిరితే వేళ్ళ చివర మెరుపు రాలుతుంది. కాలు విసిరితే పాదం చివర మెరుపు రాలుతుంది. ఆ మెరుపు తగిలి శత్రువు ఎగిరి పడతాడు. చుట్టూ మరీ ఎక్కువమంది చేరితే, మైకేల్ డాన్స్ మొదలుపెడతాడు. అప్పుడు శత్రువులు కూడా వరసలో నిలబడి, అతనితో పాటు అవే అడుగులు వేస్తారు. పాట ముక్క అయిపోగానే అందరూ కుప్పకూలిపోతారు. మైకేల్ ఒక్కడే నిలబడి ఉంటాడు.

ఎదుటివాణ్ణి తన తాళంలోకి లాక్కుని గెలవడం. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ముందు మైకేల్ జాక్సన్‌కీ మన వైపు ఊళ్ళకీ ఉన్న చుట్టరికం చెప్పాలి. ఎనభైల్లో, తొంభైల్లో మన మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, మా త్రిపురాంతకం వైపు ఆయన పాటల క్యాసెట్లు విన్నవాళ్ళు బహు తక్కువ. కానీ ఆయన అడుగులు తెలియని కుర్రాడు లేడు. దానికి మనం పెట్టుకున్న పేరు బ్రేక్ డాన్స్. బడి వార్షికోత్సవంలో బ్రేక్ డాన్స్. తిరునాళ్ళలో స్టేజీ మీద బ్రేక్ డాన్స్. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు ముందు బ్రేక్ డాన్స్. ఒళ్ళు విరిచినట్టు, కీళ్ళు ఊడినట్టు, గాజు గోడ మీద చేతులు పెట్టి తడుముతున్నట్టు ఎవడైనా ఆడాడంటే, చూసేవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. ఆ అడుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆడేవాడికీ తెలియదు, చూసేవాడికీ తెలియదు.

అడుగులు మన దాకా సినిమాల ద్వారా వచ్చాయి. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఆల్బమ్ 1982లో వచ్చింది. అందులోని థ్రిల్లర్ పాట వీడియో 1983 చివర్లో వచ్చింది. సమాధుల్లోంచి శవాలు లేచి ఆయనతో ఆడతాయి. రెండేళ్ళు తిరక్కుండా, 1985లో మన చిరంజీవి గారి దొంగ సినిమా వచ్చింది. కోదండరామిరెడ్డి గారి దర్శకత్వం, చక్రవర్తి గారి సంగీతం. అందులో గోలీమార్ పాట చూశారుగా? ఆ సమాధులు, ఆ వేషాలు, ఆ ఎర్రకోటు! ఇరవై ఏళ్ళ తర్వాత ఇంటర్నెట్ పుణ్యమా అని ఆ పాటని ప్రపంచమంతా చూసింది. కొందరు నవ్వుకున్నారు కూడా. నాకు మాత్రం ఆ పాట అంటే గౌరవం. అమెరికాలో ఒక మనిషి ఒళ్ళు వంచిన తీరు రెండేళ్ళలో మన టూరింగ్ టాకీసు దాకా వచ్చిందంటే, తెచ్చినవాళ్ళు కష్టపడి ఆడినవాళ్ళు. ఆ తర్వాత 1994లో ప్రభుదేవా ప్రేమికుడు వచ్చింది. ఇక ఊరూరా ఎముకలు లేని కుర్రాళ్ళే. మైకేల్ జాక్సన్ స్వయంగా 1996 నవంబరు 1న బొంబాయి వచ్చి అంధేరీ స్టేడియంలో ఆడి వెళ్ళాడు. మన పేపర్లలో ఫోటోలు వేశారు. ఆ ఫోటోలు కత్తిరించి పలకల పెట్టెలో దాచుకున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మరి వీడియో గేమ్? ఆ రోజుల్లో మన దగ్గర టీవీ గేమ్ అంటే మారియో, కాంట్రా. ఒకే క్యాసెట్‌లో వేల ఆటలు అని అట్ట మీద రాసి అమ్మేవాళ్ళు. లోపల చూస్తే ఆ కొన్ని ఆటలే తిరిగి తిరిగి వచ్చేవి. మెగా డ్రైవ్ మాత్రం మన వైపు రాలేదు. తొంభైల మధ్యలో షా వాలెస్ కంపెనీ దాన్ని మన దేశంలో అమ్మింది. కానీ దాని ధర పట్నంలో డబ్బున్న ఇళ్ళకి. వాన కోసం ఆకాశం వంక చూసే పల్లెకి అది ఎక్కడ వస్తుంది?

నా చేతికి ఆ పెట్టె చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. ఇంగ్లండులో ఉద్యోగం చేసే మా చెల్లెలి కొడుకు అక్కడ పాతసామాన్ల అంగట్లో దాన్ని కొని, సెలవుల్లో త్రిపురాంతకం తెచ్చాడు. దాంతో పాటు ఈ మూన్‌వాకర్ క్యాసెట్. వాడికి తెలుసు, మామయ్యకి మైకేల్ జాక్సన్ అంటే ప్రాణమని. మా ఇంట్లో పాత డబ్బా టీవీ ఇంకా ఉంది. ఆ కాలంలో మన టీవీలూ ఇంగ్లండు టీవీలూ పాల్ అనే ఒకే రంగుల పద్ధతివి. అందుకని పసుపు వైరు, తెల్ల వైరు గుచ్చగానే బొమ్మ పడింది. కొత్త పల్చటి టీవీల కన్నా ఆ డబ్బా టీవీ మీదే ఈ ఆట బాగుంటుంది. చుక్కలు చుక్కలుగా గీసిన బొమ్మ ఆ గాజు మీద కొంచెం కరిగి, గుండ్రంగా, మెత్తగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆటలోకి పోదాం. కథ చిన్నది. మిస్టర్ బిగ్ అని ఒక దుర్మార్గుడు. వాడు చిన్నపిల్లల్ని ఎత్తుకుపోయి దాచాడు. ఆ పిల్లల్ని మైకేల్ వెతికి విడిపించాలి. దీనికి మూలం 1988లో వచ్చిన మూన్‌వాకర్ సినిమా. ఆట మొదలయ్యేది క్లబ్ థర్టీ అనే పాత క్లబ్బులో. తర్వాత వీధి. తర్వాత చెట్లూ సమాధులూ. తర్వాత గుహ. చివరికి మిస్టర్ బిగ్ స్థావరం. మొత్తం అయిదు ఘట్టాలు.

క్లబ్ థర్టీలో ఎక్కడ చూసినా తలుపులు. మేడ మెట్లెక్కితే తలుపులు, దిగితే తలుపులు. మైకేల్‌ని తలుపు ముందు నిలబెట్టి పై గుండీ నొక్కాలి. మనకి వీపు చూపించి తలుపు తీస్తాడు. చాలాసార్లు లోపల ఎవరూ ఉండరు. ఇంకో తలుపు. మళ్ళీ ఖాళీ. ఇంకోటి. అప్పుడు లోపల్నించి ఒక చిన్న పిల్ల బయటికి వచ్చి సన్నటి గొంతుతో పిలుస్తుంది, మైకేల్ అని. ఆ పిలుపుతో మైకేల్‌కి తగ్గిన ప్రాణం కొంచెం నిండుతుంది. అంతే. మళ్ళీ వెతుకులాట. వీధి ఘట్టంలో అయితే కారు డిక్కీలు తెరిచి చూడాలి. సమాధుల ఘట్టంలో రాళ్ళ వెనక చూడాలి. పిల్లలందరూ దొరికితే గాని ముందుకు పోనివ్వదు ఆట.

ఈ వెతుకులాట చాలామందికి విసుగు. ఆ కాలంలో ఇదే ఈ ఆటకి పెద్ద లోపమని చెప్పినవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, వినండి.

మా అమ్మ వయసు ఎనభైకి దగ్గర. మైకేల్ జాక్సన్ ఎవరో ఆమెకి తెలియదు. నేనూ, పక్కింటి పిల్లాడూ ఆడుతుంటే మంచం మీద కూర్చుని చూస్తోంది. కాసేపటికి అడిగింది, "ఎవుర్రా ఆ టోపీ అబ్బాయి? ఊరికే తలుపులు తీసి చూస్తన్నాడేంది?" అని.

"పిల్లల్ని ఎవుడో ఎత్తకపోయాడు నాయనమ్మా. ఎతుకుతన్నాడు," అన్నాడు పక్కింటి పిల్లాడు.

అంతే. ఆ క్షణం నుంచి అమ్మ ఆటలోకి దిగింది. కళ్ళజోడు తుడుచుకుని ముందుకు జరిగింది. "ఒరేయ్, మెట్ల కింద తలుపు తియ్యలేదు సూడు. అది సూసింతర్వాత పైకి పో." నిజమే, నేను ఆ తలుపు వదిలేశాను. అక్కడే పిల్ల ఉంది. ఆ సాయంత్రం రిమోట్ ఉన్నది నా చేతిలో. ఆట ఆడింది మా అమ్మ. ఏ తలుపు తీశామో, ఏది తియ్యలేదో ఆమెకే గుర్తు. రౌడీలు మీద పడుతుంటే వాళ్ళ గొడవే ఆమెకి పట్టలేదు. "వాళ్ళని పోనీరా, ముందు పిల్ల సంగతి సూడు," అనేది. అప్పుడే కరెంటు పోయింది. ఈ ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. కరెంటు పోతే మళ్ళీ మొదటి తలుపు నుంచే. కరెంటు వచ్చాక అమ్మే అంది, "ఊఁ, కానియ్. మళ్ళీ ఎతుకు," అని.

ఆ ఆట చేసినవాళ్ళు తలుపులు ఊరికే పెట్టలేదని నాకు అప్పుడే అర్థమైంది. శత్రువుల్ని లెక్కపెట్టే ఆటలు వంద ఉన్నాయి. ఇది పిల్లల్ని లెక్కపెట్టే ఆట.

ఇక డాన్స్ దగ్గరికి వద్దాం. ఇది జాగ్రత్తగా వినండి, ఈ ఆటకి గుండెకాయ ఇదే. రిమోట్ మీద మూడు గుండీలు ఉంటాయి. ఒకటి కొట్టడానికి. ఒకటి ఎగరడానికి. మూడోది మహిమకి. ఆ మూడో గుండీ మీద వేలు పెట్టి ఇట్టే తీసేస్తే, మైకేల్ బొంగరంలా గిర్రున తిరుగుతాడు. తిరుగుతూ హూ అని ఒక అరుపు. కొంచెంసేపు పట్టి ఉంచితే, టోపీ తీసి విసురుతాడు. ఇంకా పట్టి ఉంచితే, అప్పుడు వస్తుంది డాన్స్. తెర మీద అంతా ఆగిపోతుంది. మైకేల్ మధ్యలో, మిగతావాళ్ళంతా వరసలో. అందరి భుజాలూ ఒకేసారి లేస్తాయి. అందరి తలలూ ఒకేసారి తిరుగుతాయి.

వీధి ఘట్టంలో కుక్కలు కూడా ఉంటాయి. మీదపడి కరిచే కుక్కలు. మైకేల్ డాన్స్ మొదలుపెడితే ఆ కుక్కలు కూడా తాళానికి ఆడతాయి! పక్కింటి పిల్లాడు అది చూసి కిందపడి దొర్లి నవ్వాడు. మళ్ళీ మళ్ళీ అదే చూపించమన్నాడు. కానీ మళ్ళీ మళ్ళీ చూపించడం కుదరదు. ఎందుకంటే డాన్స్ చేసిన ప్రతిసారీ మైకేల్ ప్రాణం తరుగుతుంది. తిరిగినా తరుగుతుంది, టోపీ విసిరినా తరుగుతుంది, డాన్స్‌కి అన్నిటికన్నా ఎక్కువ తరుగుతుంది. శత్రువు కొట్టక్కర్లేదు. తన కళే తన ఊపిరిని తీసుకుంటుంది. ఆ ఊపిరి మళ్ళీ నిండాలంటే ఏం చెయ్యాలి? ఇంకో తలుపు తీసి, ఇంకో పిల్లని విడిపించాలి.

మళ్ళీ చెప్తాను. డాన్స్ చేస్తే ప్రాణం పోతుంది. పిల్ల దొరికితే ప్రాణం వస్తుంది. ఆట మొత్తం ఈ రెంటి మధ్యే నడుస్తుంది. ఒక నాట్యగాణ్ణి ఆటగా మార్చమంటే, ఇంతకన్నా బాగా ఎవరు మారుస్తారో నాకు తెలియదు.

ఇక్కడ నాకు మా ఊరి స్వామి గుర్తొస్తాడు. పోలిక కోసం చెప్పడం లేదు, మా ఊళ్ళో పుట్టినవాడికి అది తోసుకొస్తుంది. మా త్రిపురాంతకంలో కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు. శ్రీశైలానికి తూర్పు ద్వారం మాది. శివరాత్రికి కొండెక్కిన వాళ్ళు మీలో ఎంతోమంది ఉంటారు. ఆ స్వామి కథ మీకు తెలుసు. తారకాసురుడి కొడుకులు ముగ్గురు. వాళ్ళకి మూడు పురాలు. ఒకటి బంగారం, ఒకటి వెండి, ఒకటి ఇనుము. ఆకాశంలో తిరుగుతుంటాయి. మూడూ ఒకే వరసలోకి వచ్చిన ఆ ఒక్క క్షణంలో, ఒకే బాణంతో శివుడు మూడింటినీ కాల్చేశాడు.

ఇది మనందరికీ తెలిసిన కథ. దీనికి ఒక కొసరు ఉంది. అది నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో ఉంది. భరతముని తన కొడుకుల్నీ శిష్యుల్నీ వెంటబెట్టుకుని హిమాలయానికి పోయి, శివుడి ముందు నాటకం ఆడాడు. ఏ నాటకం? త్రిపురదాహం. అంటే శివుడి యుద్ధాన్ని శివుడికే ఆడి చూపించారు. శివుడు సంతోషించాడు. సంతోషించి ఒక మాట చెప్పాడు. సాయంసంధ్య వేళ నేను ఆడే నాట్యం నాకు గుర్తొస్తోంది, దాన్ని కూడా మీ నాటకంలో కలుపుకోండి అన్నాడు. తండువుని పిలిచి, ఆ నాట్యం భరతుడికి నేర్పమన్నాడు. నూట ఎనిమిది కరణాలు అలా వచ్చాయని శాస్త్రం చెప్పే మాట.

చూడండి, మూడు పురాల యుద్ధం నాటకమైంది. ఆ నాటకంలోకి నాట్యం వచ్చి చేరింది. యుద్ధం చేసినవాడూ నాట్యం చేసినవాడూ ఒకడే. ఈ సంగతి మన నేలకి కొత్త కాదు. మా గుళ్ళో కాకతీయుల కాలపు శాసనాలు ఉన్నాయి. ఆ కాకతీయ గణపతిదేవుడి దగ్గరే జాయపసేనాని ఉండేవాడు. ఏనుగుల సైన్యానికి అధిపతి. యుద్ధాలు చేసే మనిషి. ఆ మనిషే పదమూడో శతాబ్దంలో నృత్తరత్నావళి అనే గొప్ప గ్రంథం రాశాడు. దాన్ని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు తెలుగు చేశారు. ఏనుగుల సేనాధిపతి కూర్చుని, పాదం ఎక్కడ ఆనాలి, మడమ ఎప్పుడు లేవాలి అని రాశాడంటే, ఆ రోజుల్లో నాట్యానికి ఎంత బలం ఉందనుకున్నారో ఊహించండి. ఆయన చెప్పిన దేశి నాట్యాల్లో పేరిణి ఒకటి. నటరాజ రామకృష్ణ గారు మన కాలంలో దానికి మళ్ళీ ప్రాణం పోశారు. మద్దెల మోత మీద ఆ మగవాళ్ళ నాట్యం చూస్తే, ఎదురుగా ఉన్నవాడి కాలు ఆగదు.

సెగా కంపెనీలో కూర్చున్నవాళ్ళకి ఇవేవీ తెలిసి ఉండవు. తెలియనక్కర్లేదు కూడా. కానీ త్రిపురాంతకంలో కూర్చుని ఆడేవాడికి, శత్రువు కూడా తాళంలోకి వచ్చి ఆడటం వింతగా అనిపించదు. నాట్యం బలం అలాంటిది అని మనకి పసితనం నుంచే తెలుసు.

ఆటలో ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. కొన్నిచోట్ల ఆకాశం నుంచి ఒక చుక్క రాలుతుంది. దాన్ని అందుకుంటే మైకేల్ మరమనిషిగా మారిపోతాడు. ఒళ్ళంతా లోహం. గాల్లో ఎగురుతాడు. కిరణాలు వదులుతాడు. రాకెట్లు పేలుస్తాడు. శత్రువులు మాడిపోతారు. పిల్లలకి పండగే. కానీ ఒక చిక్కుంది. మరమనిషిగా ఉన్నంతసేపూ అతను పిల్లల్ని విడిపించలేడు. పిల్ల దాక్కున్న చోటు మీదుగా ఎగురుతూ పోతాడు, కానీ ఏమీ చెయ్యలేడు. మళ్ళీ మామూలు మనిషైతేనే తలుపు తీయగలడు. పక్కింటి పిల్లాడు దీని మీద పేచీ పెట్టాడు. "అంత బలముంటే పిల్లని ఎందుకు తీసుకోలేడు మామయ్యా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా మా అమ్మే చెప్పింది, "ఇనప చేతుల్తో పిల్లనెట్టా ఎత్తుకుంటాడురా?" అని.

ఇప్పుడు కొంచెం పనితనం గురించి. ఈ క్యాసెట్‌లో ఉన్నదంతా కలిపి అర మెగాబైటు. మీ ఫోన్‌లో తీసుకునే ఒక్క ఫోటో అంత కూడా ఉండదు. అంత చిన్న చోటులో ఒక మనిషి నడకని పట్టారు. మైకేల్ ఊరికే నడిచినా తెలిసిపోతుంది అది ఎవరి నడకో. భుజం కొంచెం ముందుకి, మోకాలు కొంచెం వంచి, చెయ్యి టోపీ అంచు మీద. చుక్కలతో గీసిన వేలెడంత బొమ్మ. మొహం సరిగ్గా కనపడదు. అయినా మైకేలే. వెనక్కి జారే నడక కూడా పెట్టారు. దానివల్ల ఆటలో ఏ లాభమూ లేదు. శత్రువు చావడు, ప్రాణం పెరగదు. ఊరికే అందం కోసం పెట్టారు. 1983లో అమెరికా టీవీలో, బిల్లీ జీన్ పాటకి ఆ నడక నడిచినప్పుడు జనం కేకలు పెట్టారు చూడండి, ఆ కేకల కోసం పెట్టారు. నేను ఖాళీ మెట్ల మీద, శత్రువు లేని చోట, ఒట్టినే ఆ నడక నడిపిస్తుంటాను.

స్మూత్ క్రిమినల్ పాటలో మనిషి నిలువునా ముందుకు వాలి, పడకుండా నిలబడే భంగిమ ఉంది కదా? మూన్‌వాకర్ సినిమాలో అది తీగలు కట్టి చేశారు. స్టేజీ మీద తీగలు లేకుండా చెయ్యాలని ఒక ప్రత్యేకమైన బూటు తయారుచేశారు. మడమలో ఒక గాడి. నేలలోంచి ఒక మేకు పైకి వస్తుంది. గాడి ఆ మేకుకి పట్టుకుంటుంది. మనిషి ముందుకు వాలతాడు. దానికి 1993లో అమెరికా పేటెంటు ఇచ్చింది. ఆవిష్కర్తల పేర్లలో మైకేల్ జాక్సన్ పేరూ ఉంది. అయితే బూటుతోనే పని అయిపోదు. ఆ వాలు నుంచి మళ్ళీ పైకి లేవాలంటే నడుములో, పిక్కల్లో బలం ఉండాలి. మా తిరునాళ్ళ స్టేజీ మీద బూటూ మేకూ లేకుండా అది చెయ్యబోయి మొహం పగలగొట్టుకున్న కుర్రాళ్ళని నేను చూశాను. లేచి, మట్టి దులుపుకుని, మళ్ళీ వాలేవాళ్ళు.

పాటల సంగతి. ఇందులో మైకేల్ గొంతుతో పాటలు ఉండవు. అరుపులూ, చిన్న చిన్న మాటలూ తప్ప. పాట మొత్తాన్ని ఆ పెట్టెలో ఉన్న యమహా చిప్ అప్పటికప్పుడు వాయిస్తుంది. క్లబ్ థర్టీలో స్మూత్ క్రిమినల్, వీధిలో బీట్ ఇట్. పాడే గొంతు లేకపోవడం వల్ల కింద నడిచే ఆ బేస్ మోత బాగా వినపడుతుంది. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఆగిపోయి డప్పు ఒక్కటే మోగుతున్నప్పుడు కాళ్ళు ఎట్టా లేస్తాయో, అట్టా లేస్తాయి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. పిల్లల్ని కాపాడే హీరోగా మైకేల్ జాక్సన్ ఉన్న ఆట ఇది. ఈ ఆట వచ్చిన తర్వాత, 1993 నుంచి, ఆయన మీద పిల్లల విషయంలోనే ఘోరమైన ఆరోపణలు వచ్చాయి. 2005లో కోర్టు ఆయన్ని నిర్దోషి అని వదిలేసింది. ఆరోపణలు మాత్రం ఆగలేదు. 2009 జూన్ 25న ఆయన పోయాడు. ఆ తర్వాత కూడా ఆగలేదు. ఇది తెలిసినవాడికి, తలుపు తీయగానే పిల్ల పిలిచే ఆ పిలుపు మునుపటిలా వినపడకపోవచ్చు. నాకూ ఒక్కోసారి మనసు చివుక్కుమంటుంది. ఆ మాట దాచి ఆట గురించి మాత్రం చెప్పడం శ్రోతలకి న్యాయం కాదు, అందుకే చెప్పాను. ఆ నాట్యం మీద నా ప్రేమ మాత్రం నిజం. అది కూడా దాచలేను.

ఆటలో నాకు నచ్చనిది ఒకటుంది. చివరి పోరు. అయిదు ఘట్టాలూ దాటి, అన్ని తలుపులూ తెరిచి, పిల్లలందర్నీ విడిపించి వస్తాం. ప్రతి ఘట్టం చివరా మైకేల్ పెంచుకున్న బబుల్స్ అనే చింపాంజీ వచ్చి భుజమెక్కి, మిస్టర్ బిగ్ ఎటు ఉన్నాడో వేలు చూపిస్తుంది. తీరా పోతే మిస్టర్ బిగ్ నాలుగు మాటలు తిట్టి, తన మనుషుల్ని మన మీదికి వదిలి పారిపోతాడు. సరే, చివర్లోనైనా వాడు మైకేల్ ముందు నిలబడతాడు, వాడి చేత కూడా అడుగులు వేయిస్తాం అని ఆశపడతాం. అలా జరగదు. మైకేల్ అంతరిక్షనౌక అయిపోతాడు. చీకట్లో గురి చూసి కాల్చడమే. డాన్స్ లేదు. తాళం లేదు. టోపీ లేదు. అందరి చేతా అడుగు వేయించి, అసలు దుర్మార్గుడి చేత మాత్రం వేయించలేదు! ఇంత మంచి ఆట చేసినవాళ్ళు అక్కడ ఎందుకు తొందరపడ్డారో అని ఇప్పటికీ బాధపడతాను.

ఈ ఆట ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది అని మీరు అడగొచ్చు. కొత్తగా అంగట్లో దొరకదు. 2019లో సెగా కంపెనీయే పాత మెగా డ్రైవ్‌ని చిన్న పెట్టెగా చేసి, 42 ఆటలు నింపి అమ్మింది. అందులో మూన్‌వాకర్ లేదు. పాటల మీద హక్కులు ఒకరివి, మనిషి రూపం మీద హక్కులు ఒకరివి. అన్నీ ఒకచోటికి రావాలి. అందుకని పాత క్యాసెట్ ఎవరి దగ్గరైనా ఉంటే, దాని విలువ తెలుసుకుని దాచండి. విదేశాల్లో మీ పిల్లలుంటే, పాతసామాన్ల అంగళ్ళు చూడమనండి.

దొరికినవాళ్ళకి రెండే రెండు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను. మొదటిది, డాన్స్ దాచుకోండి. ముగ్గురు నలుగురు చుట్టుముడితే చెయ్యీ కాలూ చాలు. తెర నిండిపోయినప్పుడే డాన్స్. లేకపోతే ప్రాణం మిగలదు. రెండోది, ఒంటరిగా ఆడకండి. తలుపుల లెక్క ఒక్కడికి గుర్తుండదు. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. మొన్న మా అమ్మ మూడో ఘట్టం సమాధుల దాకా నన్ను నడిపించింది. ఎడమవైపు చివరి రాయి ఒకటి ఇంకా చూడలేదట. ఈ రాత్రికి కరెంటు ఉంటే అది చూడాలి.